ఉరుకుందలో ఒక నిద్ర

ఎమ్మిగనూరు,
ఫిబ్రవరి 3

చిన్నమ్మకు,

మమత నమస్కారాలు. మాత్ర వేసుకున్నాను. ముందే చెప్పేస్తే మిగతా ఉత్తరం నిమ్మళంగా చదువుతావని ఇలా మొదలుపెట్టాను.

ఫోన్ చేతిలో పెట్టుకుని ఉత్తరాలేమిటని అమ్మ నవ్వుతోంది. ఎందుకో ఆమెకు చెప్పలేదు, నీకు చెబుతాను. ఫోన్లో నేను "చిన్నమ్మా" అనగానే నువ్వు నా మాట వినవు, గొంతు వింటావు. కాస్త గట్టిగా నవ్వితే పైకి పోతోందేమో అంటావు. కాస్త మెల్లగా మాట్లాడితే కిందికి పడిపోతోందేమో అంటావు. నాలుగేళ్ల కింద కర్నూలు డాక్టరు నా జబ్బుకు బైపోలార్ అని పేరు చెప్పినప్పుడు పక్కన కూర్చున్నది నువ్వే. అందుకని నీ మీద కోపం లేదు. కానీ ఇప్పుడు చెప్పబోయేది నా గొంతు లేకుండా వినాలి.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన కండక్టరును చూశావా? చూడకుండానే చదవడం మొదలుపెట్టి ఉంటే లేచి అంగడి బయటికి చూడు. బస్సు ఇంకా కదిలి ఉండదు. పేరు వీరేష్.

నాన్న నేసిన చీరలు, నేను నేసినవి కలిపి మూట కట్టుకుని నేను ఆదోనికి వస్తుంటాను కదా, అక్కడ మొదలైంది. మూటకు టికెట్ కొట్టాలన్నాడు. ఒళ్లో పెట్టుకుంటే ఎందుకని నేను. "ఒళ్లో బిడ్డయితే ఇడుస్తాం. చీరలు పాలకు ఏడవవు కదక్కా" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు ఒళ్లు మండి దిగేదాకా అతని ముఖం చూడలేదు. తర్వాతి వారం మూటకు టికెట్ కొట్టి, దాన్ని తానే పైన సర్దాడు. ఆ తర్వాత అక్కా అనడం మానేశాడు.

పెళ్లి చేసుకుందామని మొన్న అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాను. అతనికి నా జబ్బు సంగతి తెలియదు. చెప్పాలి, అది నాకు తెలుసు. చెప్పాక ఆ ముఖం ఎలా మారుతుందో చూడడానికి ధైర్యం చాలడం లేదు. ఏం చేయమంటావు?

నీ మమత

•

ఆదోని,
ఫిబ్రవరి 6

చిరంజీవి మమతకు,

మాత్ర వేసుకున్నావా? వేసుకున్నానని రాశావు, చూశాను. అది రాసిన రోజుది. చదివే రోజుది అడుగుతున్నాను.

నువ్వు చెప్పినట్టే లేచి చూశాను. చూడడమేమిటి, కత్తెర చేత్తో పట్టుకునే పోయి బస్సు ముందు నిలబడ్డాను. ఏ ఊరప్పా అంటే ఆదోనే అన్నాడు. ఎవరి పిల్లోడివంటే సిద్దప్ప కొడుకునన్నాడు. తల్లి దానమ్మ నాకు బాగా తెలుసు. రవిక కుట్టించుకుంటే మెడ లోతు పెంచొద్దని మూడు మార్లు చెప్పి, గుమ్మం దాటాక వెనక్కొచ్చి నాలుగోమారు చెప్పే మనిషి. పిల్లవాడు పరవాలేదు. ఎత్తు తక్కువ, నవ్వు ఎక్కువ.

ఇప్పుడు అసలు మాట. నీకు పెళ్లి ఎందుకే? కోపం తెచ్చుకోకు. నాలుగేళ్లుగా మాత్రలు కుదిరాయి, నిద్ర కుదిరింది, మగ్గం మీద నీ చెయ్యి కుదిరింది. సాగుతున్న నేతలోకి కొత్త పోగు ఎందుకు? పెళ్లి అంటే అత్త, ఆచారాలు, పిల్లలు, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరి ముఖం. ఒకరి మాట ఓర్చుకోవడం మామూలు వాళ్లకే కష్టం. మీ చిన్నాయనను నేను ఇరవై ఏళ్లుగా ఓర్చుకుంటున్నాను, నాకు ఏ జబ్బూ లేకుండానే.

మీ అమ్మ పుల్లమ్మ నాకు ఫోన్ చేసింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు, ఈ ఒక్క సంగతి దాస్తే ఏమవుతుందని అడిగింది. "పెళ్లికి పోతా పిల్లిని సంకన పెట్టుకోని పోతామా" అని ఏడ్చింది. నేను మాత్రం దాచమని చెప్పను. మాత్రలు దాచుకుని మింగే కాపురం నీకు వద్దు. చెప్పు, లేదా పెళ్లే మానుకో. నన్నడిగితే రెండోది మేలు.

ఓళిగలు పంపుతున్నాను. అతనికి ఒకటి పెట్టు, రెండు పెట్టకు.

చిన్నమ్మ కృష్ణకుమారి

•

ఎమ్మిగనూరు,
మార్చి 11

చిన్నమ్మకు,

మమత నమస్కారాలు. మాత్ర వేసుకున్నాను. ఇది పోస్టులో వేస్తున్నాను. మోసుకెళ్లే మనిషి ఇప్పుడు మా బస్సుకు రావడం లేదు.

చెప్పాను. మధ్యాహ్నం అతను అన్నం తినే వేళ, మా బస్టాండు పక్క హోటల్లో. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించాడు. నా బజ్జీ చల్లారిపోయింది కానీ చెప్పడం ఆపలేదు. నాకో జబ్బుంది, అణిగి ఉంటుంది కానీ పూర్తిగా పోదు అన్నాను. అది పైకి పోయినప్పుడు ఒకే చీరకు అంచు ఐదుసార్లు మార్చానని, నాన్న చివరికి నేతను మగ్గం మీదే కోసేయాల్సి వచ్చిందని చెప్పాను. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఫోన్లు చేసి, ఎమ్మిగనూరు చీరలన్నీ నేనే అమ్మిపెడతానని మాట ఇచ్చానని చెప్పాను. తర్వాత కిందికి పడినప్పుడు మగ్గం గుంటలో దిగి కూర్చుని, తొక్కడానికి కాలు లేవక పొద్దంతా అలాగే ఉండిపోయేదాన్నని కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు అతని వైపు చూడలేదు.

అతను రెండే మాటలు అడిగాడు. "మళ్లా వస్తాదా?" అన్నాడు. రావచ్చు అన్నాను. "వస్తే నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు. నాకు మొదట నిద్ర తగ్గుతుంది, నిద్ర లేకపోయినా హుషారుగా తిరుగుతుంటే అదే గుర్తు అన్నాను. తల ఊపాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. పోయాడు.

ఆ రోజు నుంచి మా బస్సుకు వేరే కండక్టరు వస్తున్నాడు. వీరేష్ ఏడని అడిగితే డ్యూటీ మార్చుకున్నాడని చెప్పాడు. ఎందుకు మార్చుకున్నాడో అడగలేదు. తెలిసినట్టే ఉంది కదా.

ఏడుపు వస్తోంది చిన్నమ్మా. ఇది మామూలు ఏడుపే. రాత్రి నిద్రపోతున్నాను, అన్నం తింటున్నాను. మనిషి పోతే ఎవరికైనా వచ్చే ఏడుపు. ఇంట్లో ఏడిస్తే అమ్మ భయపడుతుందని మగ్గం చప్పుడులో ఏడుస్తున్నాను.

నీ మమత

•

ఆదోని,
ఏప్రిల్ 9

మమతా, నా తల్లీ,

మాత్ర వేసుకున్నావా?

ఈ ఉత్తరం ఎవరు తెచ్చారో చూసే ఉంటావు. కవరుకు రెండుసార్లు గంజి పూసి అంటించాను. నేతోళ్ల ఇంటి ఆడపడుచును, గంజి పూయడం నాకొకరు నేర్పాలా?

మొన్న వీరేష్ మా అంగడికి వచ్చాడు. కూర్చోమన్నాను. మంత్రాలయం బస్సుకు తానే అడిగి మార్చుకున్నాడట. ఆ పిల్ల ఎదురుగా కనపడుతుంటే ఆలోచన సాగదన్నాడు. నీ జబ్బు గురించి నన్ను అడిగాడు. నేను నీకు నిజం చెబుతాను, నా చేతనైనంత భయపెట్టాను. ఉన్నదంతా చెప్పాను, కొంచెం కారం కూడా చల్లాను. పోతే ఇప్పుడే పోవాలి, మూడు ముళ్లు పడ్డాక కాదు. టీ చల్లారేదాకా విని, "భయమైతాంది. అబద్ధమెందుకు సెప్పల్ల. భయం పోయినాక ఎక్కుదామంటే బస్సు పోతాది కదమ్మా" అన్నాడు.

సోమవారం నుంచి మళ్లీ మీ బస్సుకే వస్తున్నాడు.

నాకు ఇష్టమని అనుకోకు. పిల్లవాడు మంచివాడే, దాంతో నాకు భయం ఇంకా ఎక్కువైంది. చెడ్డవాడైతే రెండు తిట్లతో వదిలించుకునేదాన్ని.

చిన్నమ్మ

•

ఎమ్మిగనూరు,
మే 20

చిన్నమ్మకు,

నమస్కారాలు. మాత్ర వేసుకున్నాను. ఏప్రిల్లో నువ్వు రాసిన ఉత్తరం నాకు మేలో అందింది. ఎందుకంటే నువ్వు మెచ్చుకున్న పిల్లవాడు దాన్ని సంచిలో వేసుకుని మర్చిపోయాడు.

చిన్నమ్మ ఉత్తరమేమైనా ఇచ్చిందా అని అడిగితే నాలుక కరుచుకుని సంచి అడుగు నుంచి తీశాడు. కవరు మీద నూనె మరక. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్ని రోజులూ నువ్వు రాయలేదని, నా మీద అలిగావని బెంగపడ్డాను మరి. బస్టాండులో నిలబెట్టి కడిగేశాను. బత్తాయిలమ్మే ఆమె కూడా తూకం ఆపి చూసింది.

అరుస్తూనే నాలో నేను అనుకున్నాను, ఇప్పుడు అడుగుతాడు, మాత్ర వేసుకున్నావా అని. మా ఇంట్లో నేను ఇంత గొంతెత్తితే అమ్మ మాత్రల డబ్బా తెస్తుంది. నాన్న తలుపు దగ్గరికి వేస్తాడు. వీరేష్ ఏం చేశాడో తెలుసా? ముఖం ఎర్రగా చేసుకుని నా మీదికే వచ్చాడు. "మర్సిపోయినా. తప్పే. అట్లని బస్టాండంతా ఇనేటట్ల తిడతావా? నాకు మానం లేదా?" అన్నాడు.

చిన్నమ్మా, ఆ మాటకు నాకు కలిగిన సంతోషం నీకెలా చెప్పను? నాలుగేళ్ల తర్వాత ఒక మనిషి నాతో పోట్లాడాడు. నా కోపాన్ని కోపంగానే తీసుకున్నాడు. నాది తప్పయితే తప్పన్నాడు. నేను సంతోషంతో నవ్వేశాను, దానికి ఇంకా మండిపడ్డాడు. ఆ సాయంత్రమే సరేనని చెప్పాను. నన్ను కనిపెట్టుకుని ఉండే వాళ్లు నాకు చాలామంది ఉన్నారు. నాతో పోట్లాడేవాడు ఒక్కడే దొరికాడు.

కర్నూలుకు డాక్టరు దగ్గరికి ఇద్దరమూ వెళ్లాం. పిల్లల గురించి అతనే అడిగాడు. బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు, బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందుగా వస్తే మందుల సంగతి చూద్దామన్నాడు డాక్టరు. నేను ఒప్పుకున్నాక అతను ఇంట్లో కూడా చెప్పాడు. దానమ్మగారు చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదట. చివరికి ఒక షరతు పెట్టారు. వాళ్లింటికి కోడలయ్యే పిల్ల శ్రావణంలో ఒక రాత్రి ఉరుకుంద ఈరన్న స్వామి గుడి దగ్గర దీపం వెలిగించి, తెల్లారేదాకా ఆరకుండా నూనె పోస్తూ మేలుకుని కూర్చోవాలి. దీపం కాపు అంటారు వాళ్లింట్లో. ఆ కాపు చేస్తే స్వామే నా జబ్బు తీసేస్తాడని, అప్పుడు ఆమెకు ఏ అడ్డూ లేదని చెప్పారు.

ఒక్క రాత్రే కదా. కూర్చుంటాను.

నీ మమత

•

ఆదోని,
మే 27

మమతకు,

మాత్ర వేసుకున్నావా? ఈసారి ఊరికే అడగడం లేదు. ఒక్క రాత్రే కదా అని రాశావే, ఆ మాట రాసింది నువ్వా, నీ జబ్బా?

దేవనకొండలో నీ స్నేహితురాలి పెళ్లి గుర్తుందా? గోరింటాకని ఒక రాత్రి, ముహూర్తమని ఇంకో రాత్రి మేలుకున్నావు. మూడోనాడు పెళ్లికూతురి నగలు కూడా నువ్వే సర్దుతున్నావు, వంటవాళ్లకు నువ్వే వంట నేర్పుతున్నావు. ఎంత చలాకీ పిల్లో అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. వారం తిరక్కుండా నిన్ను జీపులో కర్నూలుకు తీసుకెళ్లాం. దారంతా నా చెయ్యి పట్టుకుని, నేనెవరో తెలియనట్టు చూశావు. నీ నోట్లో పాలు పిండిన మీ అమ్మ కంటే ఎక్కువగా పెంచాను నిన్ను. ఆ చూపు నేను మళ్లీ చూడలేను మమతా. నాకు అంత బలం లేదు.

దానమ్మ చెడ్డది కాదు. మందు అనుకుని ఇస్తోంది. కానీ నీకు విషమయ్యేదాన్నే మందంటోంది. నిద్రే నీకు సగం మందని ఆ డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడు? పెళ్లి కోసం బుర్రను తాకట్టు పెడతానంటే ఆ పెళ్లికి నేను రాను. రవికలు కూడా కుట్టను.

చిన్నమ్మ

•

ఎమ్మిగనూరు,
జూలై 16

చిన్నమ్మకు,

నమస్కారాలు. రెండు నెలలు నీకు రాయలేదు. కోపం వచ్చింది. నేను ఏది కోరుకున్నా అది నేనా, నా జబ్బా అని అడుగుతావు. ఇష్టపడితే జబ్బు, ఏడిస్తే జబ్బు. మరి నేనెక్కడున్నాను? ఈ మాట మగ్గం మీద కూర్చుని నీతో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. నువ్వు ఎదురుగా లేవు కాబట్టి ప్రతిసారీ నేనే గెలిచాను.

కానీ దేవనకొండ పెళ్లి గురించి రాశావు చూడు, అక్కడ మాత్రం ఓడిపోయాను. ఆ రెండు రాత్రులు నాకు ఎంత బాగున్నాయో గుర్తుంది. అంత బాగుండడమే మొదలని ఇప్పుడు తెలుసు. దీపం దగ్గర కూర్చోవాలని నాకు ఆశ, చిన్నమ్మా. అందరు కోడళ్లలాగా నేనూ ఒకటి చేసి చూపించాలని. ఆ ఆశ నాదే, జబ్బుది కాదు. అయినా తప్పే.

నిన్న ఆదోనికి వచ్చాను. నీ అంగడి ముందు నుంచే పోయి నీ దగ్గరికి రాలేదు, తిట్టుకో. నేరుగా దానమ్మగారింటికి వెళ్లాను. నాన్నను తీసుకెళ్లలేదు, నా నోటితోనే చెప్పాలనిపించింది. నిద్ర లేకపోతే నాకు ఏమవుతుందో చెప్పాను. "అమ్మా, నేను ఉరుకుందకు వస్తాను. దీపం వెలిగిస్తాను. కానీ వేళకు మాత్ర వేసుకుని పండుకుంటాను. పెండ్లి అయినాక కూడా ఇంతే. ఏ పండగైనా, ఎవరి పెండ్లైనా, నా నిద్ర నాకు కావల్ల" అన్నాను.

ఆమె కొర్రలు చెరుగుతున్న చేట పక్కన పెట్టారు. "దీపం ఆరిపోతే?" అని మాత్రం అన్నారు. వీరేష్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాడు. "నేను కూసుంటా" అన్నాడు. మగపిల్లోడు దీపం కాపు కూర్చోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదట. "రాత్రి బస్సులో తెల్లారేదాంక టికెట్లు కొడతా. దీపానికి నూనె పోయలేనా?" అన్నాడు. ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకున్నారు. చెరుగుతూనే, మూడో శ్రావణ సోమవారం రమ్మన్నారు. ఒప్పుకున్నారో, పరీక్ష పెడుతున్నారో నాకు తెలియలేదు.

నువ్వు రావాలి. నువ్వు పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టదు.

నీ మమత

•

ఆదోని,
ఆగస్టు 13

బంగారు మమతకు,

ఉరుకుందలో పొద్దున అందరూ హడావుడిగా బస్సెక్కేశారు, నీతో మాట్లాడే సందు దొరకలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో నీకు తెలియదు, నువ్వు నిద్రపోయావు. చూసినదాన్ని నేను, అందుకే రాస్తున్నాను.

నువ్వు దీపం వెలిగించి, మాత్ర మింగి, నా సంచి తల కింద పెట్టుకుని పడుకున్నావు. సత్రం అరుగు మీద అంతమంది జనం, డప్పులు, పిల్లల ఏడుపులు. అయినా నీకు నిద్ర పట్టింది. వీరేష్ పంచె కట్టుకుని నూనె చెంబుతో దీపం ముందు కూర్చున్నాడు. పక్క అరుగు ఆడవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఒకామె, కోడలు పండుకుంటే కొడుకు కాపలా అని ఇంకొకామె. అతని చెవులు ఎర్రబడ్డాయి. లేచిపోతాడేమో అనుకున్నాను. ఒత్తి ఎగదోసి మళ్లీ కూర్చున్నాడు. దానమ్మ మాత్రం అటు తిరిగి కూర్చుంది.

అప్పుడు దానమ్మ అత్త, ఆ ముసలి బసమ్మ, మూలనుంచి నోరు తెరిచింది. "ఏం నవ్వుతారే? దేవుని కాడ నిద్ర సేసేది మొక్కు గాదా? మా కాలంలో మూడు నిద్రలు సేసిపోతామని మొక్కుకోని రాలేదా? ఈ పిల్ల నిద్ర సేస్తాంది, వాడు కాపు కాస్తాండాడు. మీకేం నొప్పి?" అంది. నవ్వులు ఆగిపోయాయి. అరవై ఏళ్ల కింద ఆమే ఆ దీపం కాపు కాసిందట. ఇక ఎవరేమంటారు?

ఇప్పుడు అసలు సంగతి. పొద్దున వీరేష్ కన్ను మూయలేదని అందరికీ చెప్పుకుని తిరిగాడు కదా? అబద్ధం. తెల్లవారుజామున గడ్డం గుండె మీదికి వాలింది. చేతిలో చెంబు పక్కకు ఒరిగింది. దీపం చిన్నదైపోతోంది. నేను లేవబోయాను. నాకంటే ముందు దానమ్మ లేచింది. కొడుకు చేతిలోంచి చెంబు మెల్లగా తీసుకుని నూనె పోసింది. ఒత్తి సరిచేసింది. తర్వాత తను కప్పుకున్న దుప్పటి తీసి నీ కాళ్ల మీద కప్పింది. నేను చూస్తున్నానని చూసి కాస్త సిగ్గుపడింది. "లేపొద్దు. ఇద్దర్నీ పండుకోనీ" అంది. వెలుగొచ్చేదాకా ఆ దీపం ముందు ఆమే కూర్చుంది.

నేను నీకు పెళ్లెందుకన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను కనిపెట్టుకుని ఉండడానికి నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను. ఆ రాత్రి నాకూ కాసేపు కునుకు పట్టింది తల్లీ. నాలుగేళ్లలో నీ పక్కన పడుకుని నేను భయం లేకుండా కళ్లు మూసుకోవడం అదే మొదటిసారి.

కొడుక్కి చెప్పొద్దని దానమ్మ ఒట్టు వేయించుకుంది. నేను నోటితో చెప్పను. అందుకే ఈ కవరుకు గంజి పూయలేదు.

రవికల కొలతలకు రా. మెడ లోతు నీ ఇష్టం, మీ అత్తను నేను చూసుకుంటాను.

నీ చిన్నమ్మ

•

ఎమ్మిగనూరు,
ఆగస్టు 17

చిన్నమ్మా,

వీరేష్ ఉత్తరం అదే రోజు తెచ్చిచ్చాడు, మర్చిపోలేదు. కవరు అంటించలేదు కదా, చదివావా అని అడిగాను. "దాని మీద నా పేరు లేదు కదా" అన్నాడు. అందుకని నేనే హోటల్లో కూర్చోబెట్టి పైకి చదివాను. నిద్రపోలేదట, కళ్లు మాత్రం మూసుకున్నాడట. ఇద్దరం అరగంట పోట్లాడుకున్నాం. వాళ్లమ్మ చెంబు తీసుకున్న చోటుకు రాగానే చేతిలో బజ్జీ పక్కన పెట్టాడు. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

ఆదివారం కొలతలకు వస్తాను.

ఈసారి ఉత్తరంలో నువ్వు అడగలేదు చిన్నమ్మా. వేసుకున్నాను.

నీ మమత